సుంకమ్మత్త, కూసిన పెట్ట

ఈ పొద్దున పొయ్యి మీద పాలు పెట్టి, పొంగుతాయేమోనని కాపలా కాస్తున్నాను. ఎర్రగుంట్ల ఎండ అప్పుడే కిటికీలోకి వచ్చేసింది. ఇంతలో పక్కింటి పెరట్లోంచి ఒక కూత వినిపించింది. నిండుగా సాగే పుంజు కూత కాదది. సగం దాకా బాగానే వచ్చి, గొంతులో ఏదో అడ్డం పడినట్టు విరిగి, చివర సాగకుండా ఆగిపోయే కూత. అలాంటి కూత విని ఎన్నో ఏళ్లయింది. పాలు పొంగి పొయ్యంతా పారాయి, మాడు వాసన ఇల్లంతా పట్టింది, నేను మాత్రం గిన్నె దించకుండా నవ్వుకుంటూ నిలబడిపోయాను.

కాసేపటికి పక్కింటి శిరీష వచ్చింది. ఆ పిల్ల భర్త సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. కోళ్లు పెంచడం ఆమెకు ఇదే మొదలు. పోయిన వేసవిలో నా దగ్గరే బాంటమ్ అనే పొట్టి జాతి కోడిపిల్లలు తీసుకెళ్లింది. ఇప్పుడు వాటిలో ఒక పెట్టను చంకలో పెట్టుకుని, ముఖం వాడ్చుకుని గుమ్మంలో నిలబడింది.

"అక్కా, మా పెట్ట కూస్తాండాది. ఫోన్లో మాట్లాడతాంటే మా అత్తకు వినపడింది. ఇంటికి అరిష్టమంట, ఇప్పుడే కోసి పారేయమంటాండాది."

"కోయొద్దు. నీకు భయమైతే నా దగ్గర ఇడిసిపో," అన్నాను.

"నీకు భయం లేదా అక్కా?"

లేదని ఊరికే చెప్పేస్తే సరిపోదు. ఆ భయం నాకు ఎందుకు లేదో చెప్పాలంటే సుంకమ్మత్త గురించి చెప్పాలి. సాయంత్రం రమ్మని శిరీషను పంపించాను. ఆమెకు చెప్పాల్సిందే ముందుగా ఇక్కడ రాసుకుంటున్నాను. కోళ్లు పెంచాలనుకునేవాళ్లు ఎవరైనా చదువుకోవచ్చు, పెంచని వాళ్లు చదివినా తప్పేమీ లేదు.

చాలా ఏళ్ల కిందట నేను బేతంచెర్లకు ఒక చిన్న ఆసుపత్రిలో రక్త పరీక్షలు చేసే ఉద్యోగానికి వెళ్లాను. మొగుణ్ణి వదిలేసి వెళ్లాను. మొగుడే వదిలేశాడని చెప్తే అందరూ జాలిపడేవాళ్లు. నేనే వదిలేశానని చెప్తే ఎవరూ ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు కాదు. నాకు అబద్ధం చెప్పాలనిపించలేదు. అందుకని సంచీ పట్టుకుని ఆ ఊరి వీధులన్నీ తిరిగాను. చివరికి బండలు పాలిష్ చేసే ఫ్యాక్టరీల వెనక, లారీలు తిరిగే వీధిలో, బండలు పరిచిన అరుగు మీద కూర్చుని జొన్నలు చెరుగుతున్న ఒక పెద్దావిడ కనిపించింది. ఆమే సుంకమ్మత్త. మనిషి ఎత్తరి, ఎముక పుష్టి. గొంతు ఎలాంటిదంటే, రాళ్లు కోసే మిషన్ల రొదలో కూడా వీధి ఆ చివరికి వినపడేది. నేను చెప్పిందంతా విని, చేట పక్కన పెట్టింది.

"నీ మొగుని సంగతి నాకెందుకు మ్మే. కోళ్లంటే అసయ్యం ల్యాకుంటే సాలు. ఉండాదా?"

"లేదత్తా."

"అయితే సంచి లోపల పెట్టుకో."

ఆమె భర్త గనిలో పనిచేసేవాడు, నేను వెళ్లడానికి చాలా ముందే పోయాడు. పిల్లలు లేరు. నందికొట్కూరు వైపు మరిది కొడుకొకడు ఉన్నాడు కానీ రాకపోకలు లేవు. ఇల్లు, ఇంటి వెనక పెరడు, పెరడు నిండా నాటుకోళ్లు, ఇదీ ఆమె సంసారం. అందులో ఒక గదిలో నేను.

ఎదురింటి మద్దిలేటి బండల లారీ నడిపేవాడు. బేతంచెర్ల బండ ఎంత దూరం పోతే అంత దూరం పోయి వచ్చేవాడు. వస్తూ వస్తూ ఏదో ఒక వింత వస్తువు తేవడం అతనికి సరదా. ఒకసారి కోయంబత్తూరు వైపు నుంచి వస్తూ ఆపిల్ పండ్ల అట్టపెట్టెకు బొక్కలు పొడిచి, అందులో ఒక పుంజునూ కొన్ని పెట్టలనూ తెచ్చి సుంకమ్మత్త ముందు దించాడు. పిడికెడంత కోళ్లు. కాళ్లకు వేళ్ల దాకా ఈకలు.

"ఇవేం కోళ్లప్పా? పావురాలకు కోడి యాసం ఏసినారా?" అందామె.

"బాంటమ్ కోళ్లంట అత్తా. ఇంతకంటే పెరగవంట. నీకని తెచ్చినా."

"గిడ్డకోళ్లను! నాకు! సరేలే, ఇడువు."

ఆ రోజు నుంచి వీధంతా వాటిని గిడ్డకోళ్లనే అన్నది. పుట్టినప్పటి నుంచీ కోళ్ల మధ్య పెరిగిన మనిషి కదా, వీటికేం కొత్తగా నేర్చుకోవాలి అని ఆమె ధీమా. ఆ ధీమాను ఆ గిడ్డకోళ్లు వారం తిరక్కుండానే దించేశాయి. నాటుకోళ్లలో కలిపి వదిలితే అవి వీటిని పొడిచి పొడిచి మూలకు తోశాయి. మొక్కజొన్నలు వేస్తే మింగలేక ముక్కుతో దొర్లించుకుంటూ తిరిగాయి. పెరటి గోడ ఎత్తు పెంచితే, ఆ గోడ మీదికే ఎగిరి కూర్చుని మమ్మల్ని చూశాయి. పెద్దకోడి ఎగరలేని చోటికి చిన్నకోడి ఎగురుతుందని అప్పుడు తెలిసింది. కాబట్టి మొదటిసారి పెంచేవాళ్లకు చెప్తున్నాను, పెద్దవాటితో కలిపి ఉంచకండి, కొర్రలో సజ్జలో నూకలో వేయండి, పైన వల కప్పండి. కాళ్ల ఈకలు తడిస్తే పుండ్లు పడతాయి గనుక కింద బురద లేకుండా చూసుకోండి. ఇదంతా మేమిద్దరం తిట్టుకుంటూ నేర్చుకున్నది.

ఆ పెట్టల్లో ఒకటి నల్లది, మెడ దగ్గర బంగారు రంగు మచ్చలు. అది నడుస్తుంటే కాళ్ల ఈకలు నేల ఊడ్చేవి. దానికి దొరసాని అని పేరు పెట్టింది సుంకమ్మత్త. దొరసాని పొదిగి పిల్లల్ని లేపినప్పుడు ఆమె సంబరం చూడాలి. ఫ్యాక్టరీ నుంచి అద్దంలా మెరిసే పాలిష్ బండ ముక్కలు తెప్పించి, పిల్లల గూటికి నేలంతా పరిపించింది. మా ఊరి బండ ఢిల్లీలో పెద్దోళ్ల ఇండ్లలో పరుస్తారు, మా కోళ్లు మాత్రం మట్టిలో తిరగాల్నా అని వాదన. ఆ ఊళ్లో ఎవరు చేసినా అదే చేసేవారు. అక్కడ అరుగు బండదే, గోడ బండదే, నీళ్లతొట్టి బండదే. దేనికైనా వాళ్ల చేయి ముందు బండ మీదికే పోతుంది.

కోడిపిల్లల కాళ్లు పక్కలకు విచ్చుకుపోయాయి. లేవబోతే ఒక కాలు ఇటు, ఒక కాలు అటు జారిపోతుంది. రెండో రోజుకు కొన్ని లేవడమే మానేశాయి. దిష్టి తగిలిందని ఆమె మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. మేమిద్దరం దగ్గుకున్నాం, పిల్లలు మాత్రం లేవలేదు. గూటి ముందు కూర్చుని చూస్తుంటే, ఒక పిల్ల తల్లి దగ్గరికి పోదామని అడుగు వేసి జారి బొక్కబోర్లా పడింది. అప్పుడు వెలిగింది నాకు.

"అత్తా, రోగం కాదు, బండ. కాలు నిలబడ్డంలేదు."

ఆమె తడిచేయి బండ మీద రుద్దింది. మళ్లీ రుద్దింది. తర్వాత లేచి గోనెసంచి తెచ్చి పరిచింది. నేను ఆసుపత్రి నుంచి మెత్తటి ప్లాస్టరు తెచ్చి, పిల్లల కాళ్లు రెండూ దూరం పోకుండా ఒక్కో కాలికి చుట్టి మధ్యలో కలిపాను. కొన్ని నిలబడ్డాయి, కొన్ని దక్కలేదు. దక్కని వాటిని పాతిపెట్టి వచ్చి, ఆమె అరుగు మీద నిలబడి వీధికంతా చెప్పింది.

"వినండమ్మా! పాలిష్ బండ మీద కోడిపిల్లల్ని పెట్టి నేనే సంపుకున్నా! మీరెవురూ పెట్టొద్దండి!"

నాకు సిగ్గేసింది, ఆమెకు వేయలేదు. తప్పు చేసినా ఆమె గొంతు తగ్గేది కాదు. అప్పటిదాకా నేను ఏ తప్పు లేకుండానే తల వంచుకుని నడుస్తున్నాను. ఆ రోజు ఆమెను చూస్తే నాకు కొంచెం కోపం, చాలా అసూయ కలిగాయి.

ఆ ఎండాకాలంలో ముంగిస వచ్చి, గిడ్డకోళ్ల మందలో ఉన్న ఒక్క పుంజునూ ఎత్తుకుపోయింది. వాటి గూడు మూగబోయింది. కొన్నాళ్ల తర్వాత ఒక పొద్దున దొరసాని గోడెక్కి, మెడ చాచి, కూసింది. విరిగిన గొంతుతో, సగం కూత. పళ్లు తోముకుంటున్న నేను నోట్లో నురగతోనే బయటికి పరుగెత్తాను. సుంకమ్మత్త చీపురు పట్టుకుని దాన్నే చూస్తూ నిలబడి ఉంది. పెట్ట కూస్తే ఆ వీధిలో ఏం చేస్తారో ఇద్దరికీ తెలుసు. ఆ రోజే కోయాలి. కూర వండకూడదు. ఊరి బయట పారేయాలి. పెట్ట కూసిన ఇంట్లో, దాని చుట్టుపక్కల, మగవాళ్లకు కీడు జరుగుతుందని నమ్మకం.

"ఏం చేద్దామత్తా?"

"గింజలు ఏద్దాం. ఆకలైతాంటాది," అని ఆమె ఊడ్చుకోవడం మొదలుపెట్టింది.

దొరసాని రోజూ కూసింది. వీధి గుసగుసలాడింది. ఆమె పట్టించుకోలేదు. అలా ఉండగానే ఫ్యాక్టరీలో లారీకి లోడు ఎత్తుతుంటే ఒక బండ జారి మద్దిలేటి కాలు మీద పడింది. మోకాలి కింద ఎముక రెండు ముక్కలైంది. కర్నూలు ఆసుపత్రికి తీసుకెళ్లారు. మరునాటి పొద్దున అతని తల్లి ఎల్లమ్మ, వెనక నలుగురు ఆడవాళ్లు, వాళ్లందరి ముందు వీధి పెద్ద పుల్లన్న మా గుమ్మం ముందు నిలబడ్డారు.

"సుంకీ, ఆ కోడి యాడుండాది? ఇటియ్యి," అంది ఎల్లమ్మ. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్లు వాచిపోయాయి.

"దేనికి?"

"దేనికా? నా కొడుకు మంచాన పన్యాడు. పెట్ట కూస్తే మగోళ్లకు కీడని నీకు తెలీదా? నీ ఇంట్లో మగోడు ల్యాడు, నీకేం పోయింది!"

పుల్లన్న నా వైపు చూసి, అందరికీ వినపడేలా అన్నాడు. "ఒకతికి మొగుడు ల్యాడు. ఇంకొకతికి ఉన్న మొగుడు పనికి రాల్యా. ఆ ఇంట్లో పెట్ట కూయక ఏం చేస్తాది?"

నా ఒళ్లు మండింది. వీధంతా వినే గొంతున్న సుంకమ్మత్త మాత్రం ఆ రోజు అరవలేదు. లోపలికి వెళ్లి దొరసానిని చంకలో పెట్టుకుని వచ్చి గడపలో నిలబడింది.

"ఎల్లక్కా, దీన్ని కోస్తే నీ కొడుకు కాలు అతుక్కుంటాదంటే కత్తి నేనే తెచ్చిస్తా. అతుక్కుంటాదా? చెప్పు."

ఎల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పుంజు పాయ. మంద ఉండాది. ఎవురో ఒకరు కూయాల కదా. ఇది కూసింది. దీని తప్పేముండాది?" అని పుల్లన్న వైపు తిరిగింది. "నా మొగుడు పోయినాక ఈ ఇంట్లో కూస్తాండేది నేనే పుల్లన్నా. నన్ను గూడా కోస్తావా?"

"పొగరు! రేపు నువ్వు సస్తే నిప్పుకుండ పట్టేదానికి మనిషుండడు. ఈ వీధిలో ఒక్కరూ నీ గడప తొక్కరు, సూడు!"

"నా కోళ్లొస్తాయిలే, పో."

వాళ్లు వెళ్లిపోయారు. ఆమె దొరసానిని దించి, అరుగు మీద కూలబడింది. చేతులు వణుకుతున్నాయి. నేను నీళ్లిచ్చాను. ఆ వణుకు చూశాకే నాకు ఆమె మీద నిజమైన గౌరవం పుట్టింది. భయం లేని మనిషి కాదు ఆమె, భయపడుతూనే గడపలో నిలబడింది. ఆ వీధి అన్నంత పనీ చేసింది. పెళ్లికి పిలుపులు ఆగాయి, జాతరకు చందా అడగడానికి కూడా రాలేదు, అరుగు మీదికి కబుర్లకు వచ్చేవాళ్లు దారి మార్చుకున్నారు. ఇదంతా నా వల్ల కూడా జరిగిందని నాకు అనిపించింది.

"నేను ఇల్లు ఖాళీ చేస్తానత్తా. ఇంకో చోట చూసుకుంటా."

"యాడికి పోతావు? ఒకసారి ఇడిసి వచ్చినావు, మంచి పని చేసినావు. ఎవుడు నోరు జేసుకున్యా ఇడిసి పోతాంటే అలవాటయితాది. ఈడే ఉండు. ఆ తొట్టి కడుగు."

తొట్టి కడిగాను. ఉండిపోయాను.

పొద్దున్నే ఆమె కొన్ని చిట్టి గుడ్లు గిన్నెలో పెట్టి ఎల్లమ్మ గడప ముందు పెట్టి వచ్చేది. మొదట్లో గుడ్లు అలాగే ఉండేవి, సాయంత్రానికి కుక్కలు తినేవి. ఈమె మళ్లీ పెట్టేది. నాకు ఒళ్లు మండి ఎందుకత్తా అంటే, వాడు నాకు కోళ్లు తెచ్చిచ్చినోడు మ్మే అనేది. ఒకరోజు గిన్నె ఖాళీగా, కడిగి బోర్లించి కనిపించింది. తర్వాత మద్దిలేటి కర్ర పట్టుకుని ఇంటికి చేరాడు. వాళ్ల అరుగు మీద మంచం వేశారు. వచ్చిన మరునాటి పొద్దున దొరసాని కూయగానే అతని అరుపు వీధంతా వినపడింది.

"అత్తా! దొరసాని బాగుండాదా? నేను తెచ్చిన కోడి, నాకే కీడు చేస్తాదా? మా అమ్మకు చెప్పు!"

ఎల్లమ్మ లోపలి నుంచి ఏదో గొణిగింది. సుంకమ్మత్త కడుపు పట్టుకుని నవ్వింది. తర్వాత మద్దిలేటి స్నేహితుడొకడు ఇంకో బాంటమ్ పుంజును తెచ్చిచ్చాడు. పుంజు వస్తే పెట్ట కూత మానుతుందని అందరూ అన్నారు. చాలా పెట్టలు మానతాయి కూడా. దొరసాని మానలేదు. పుంజు ఒక గోడ మీద, అది ఒక గోడ మీద. ముసలిదై, గూట్లో నిద్రలో పోయేదాకా కూస్తూనే ఉంది.

ఇంకొన్నేళ్లకు, కోళ్లకు గింజలు చల్లుతూ సుంకమ్మత్త పెరట్లోనే పడిపోయింది. నేను పరుగెత్తి వెళ్లి నాడి చూసేసరికే లేదు. ఆమె చేతిలో ఇంకా సజ్జలున్నాయి. చుట్టూ గిడ్డకోళ్లు తింటున్నాయి. ఆ రోజు ఎంత ఏడ్చానో నాకు సిగ్గు లేకుండా చెప్పగలను. నా పెళ్లి పెటాకులైనప్పుడు కూడా అంత ఏడవలేదు.

వీధి వచ్చింది. పుల్లన్న మాట పుల్లన్నకే మిగిలింది. మద్దిలేటి కుంటుకుంటూ అందరికంటే ముందొచ్చి పందిరి వేయించాడు. పుల్లన్న కూడా వచ్చి దూరంగా వేపచెట్టు కింద నిలబడ్డాడు. మరిది కొడుక్కు ఫోన్ చేస్తే, మాల వేసుకున్నాను, శవం దగ్గరికి రాకూడదు అన్నాడు. పాడె కట్టారు. కుండలో నిప్పులు వేసి వాకిట్లో పెట్టారు. ఆ కుండ పట్టుకుని ముందు నడిచేది ఎవరని ప్రశ్న వచ్చింది. కొడుకు లేడు, మరిది కొడుకు రాడు. మద్దిలేటి కర్ర లేకుండా నడవలేడు. మగవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆమె వరసకు ఎవరికి ఏమవుతుందో లెక్కలు తీశారు. ఎండ ఎక్కుతోంది. నా ముందు ఆమెను అనాథను చేసి మాట్లాడుతున్నారు. నేను లేచాను.

"నేను పడతా."

"నువ్వా?" అన్నాడు పుల్లన్న. "ఆడమనిషి శ్మశానానికి రాకూడదు. అద్దెకున్నదానివి, నువ్వు ఆమెకేమైతావు?"

నిజమే. నేను ఆమెకేమవుతాను? కూతుర్ని కాను, కోడల్ని కాను. అత్తా అని పిలిచాను గానీ ఏ వరసతోనూ పిలవలేదు. అప్పుడు ఆడవాళ్ల గుంపులోంచి ఎల్లమ్మ లేచి వచ్చింది. ఒకప్పుడు కత్తికి కోడిని అడిగిన మనిషి. రెండు చేతులా నిప్పుకుండ ఎత్తి, పుల్లన్న ముందు నుంచే నడుచుకుంటూ వచ్చి నా చేతుల్లో పెట్టింది.

"పుంజు లేదు. ఎవురో ఒకరు కూయాల కదా," అంది. "పట్టుకో మ్మే. నేనూ వస్తాండా."

మేమిద్దరం ముందు నడిచాం. వెనక పాడె, దాని వెనక మద్దిలేటి కర్ర చప్పుడు. పాలిష్ ఫ్యాక్టరీల దగ్గర మిషన్లు ఆపి మనుషులు బయటికొచ్చి చూశారు. చూడనీ అనుకున్నాను. తల వంచుకోలేదు. కుండ వేడికి అరచేతులు బొబ్బలెక్కాయి. ఆ మచ్చ ఇప్పటికీ ఎడమ చేతిలో ఉంది. సూది గుచ్చేటప్పుడు రక్తం ఇచ్చేవాళ్లు దాన్ని చూసి ఏమిటని అడుగుతుంటారు.

నేను ఎర్రగుంట్లకు వచ్చి సొంతంగా పరీక్షల ల్యాబు పెట్టుకున్నప్పుడు ఆమె కోళ్లను అదే ఆపిల్ పెట్టె లాంటి పెట్టెలో తెచ్చుకున్నాను. శిరీష చంకలో ఉన్న పెట్ట దొరసాని వంశమే. గూటికి పాలిష్ బండ వద్దని ఆమెకు మొదటి రోజే చెప్పాను. కూతల సంగతి చెప్పడం మరిచాను.

ఇక్కడిదాకా రాశాక, సాయంత్రం శిరీష చెప్పినట్టే వచ్చింది. ఇదంతా విన్నది. పెట్ట ఆమె ఒళ్లో కునికిపాట్లు పడుతోంది.

"మా అత్త మళ్లా ఫోన్ చేస్తాదక్కా. కోసినావా అని అడుగుతాది. ఏం చెప్పేది?"

"ఫోను దాని దగ్గర పెట్టు," అన్నాను. "అదే చెప్తాది."

ఆ పిల్ల మొదట నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, పెట్టను నాకివ్వకుండా, గట్టిగా చంకలో ఇరికించుకుని తన ఇంటికి తీసుకెళ్లింది.